తీగ పట్టుకుని పరుగెత్తిన బండి

అమెరికాలో, ఫ్లోరిడా తీరాన, సెయింట్ అగస్టీన్ అని ఒక పాత ఊరుంది. 1565లో స్పెయిన్ వాళ్ళు వచ్చి వేసిన ఊరు. ఏటా నవంబరు నుంచి జనవరి దాకా అక్కడి పాత వీధులన్నిటికీ దీపాలు కడతారు. పిల్లల దగ్గరికి వెళ్ళిన మన నెల్లూరు వైపు అమ్మానాన్నలను డిసెంబరులో ఇలాంటి ఊళ్ళకు తీసుకెళ్ళి, చీకటి పడ్డాక ట్రాలీ ఎక్కించడం ఇప్పుడు మామూలైపోయింది. గణగణమనే గంట, పట్టుకోవడానికి కడ్డీలు, దీపాల నడుమ ఊరంతా ఒక చుట్టు. బాగుంటుంది. కానీ కిందికి వంగి చూస్తే రబ్బరు టైర్లు కనబడతాయి. అది ట్రాలీ వేషం కట్టిన బస్సు. అసలు ట్రాలీకి ఉండాల్సినవి రెండు. కింద పట్టా, పైన తీగ. ఆ రెండూ దానికి లేవు.

మనం ట్రాం అని పిలిచిన అసలు బండి మన నెల్లూరుకు నూట డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, చెన్నపట్నంలో, దాదాపు 58 ఏళ్ళు తిరిగింది. 1895 మే 7న మొదలై, 1953 ఏప్రిల్ 12న ఆగిపోయింది. మన దేశంలో కరెంటుతో నడిచిన మొదటి ట్రాం అదే. కలకత్తాలో 1873లోనే గుర్రాలు లాగే ట్రాం వచ్చినా, కరెంటు ట్రాం వచ్చింది 1902లో. బొంబాయికి 1907లో. దొరల రాజధాని లండన్ వీధుల్లో కరెంటు ట్రాం నడిచింది 1901లో. మద్రాసు వీళ్ళందరికంటే ముందుంది. నెల్లూరు జిల్లాకు ఆ రోజుల్లో మద్రాసే రాజధాని, మద్రాసే కోర్టు, మద్రాసే పెద్దాసుపత్రి, మద్రాసే కాలేజీ. అందుకే ఈ బండి చరిత్రను పొరుగూరి చరిత్రగా చూడలేను. మన తాతముత్తాతలు ఎక్కిన బండి ఇది.

కరెంటు ట్రాం పుట్టుకలో ఉన్న చిక్కంతా ఒక్క ప్రశ్నలో ఉంది. కదిలే బండికి కరెంటు అందించడం ఎలా? మోటారు అప్పటికే ఉంది, డైనమో ఉంది. ఒకచోట బిగించిన యంత్రానికైతే తీగ వేసి ఊరుకోవచ్చు. మైళ్ళ కొద్దీ పరుగెత్తేదానికి తీగ ఎలా వేస్తారు? జర్మనీలో సీమెన్స్ కంపెనీ 1881లో బెర్లిన్ శివారు లిష్టర్‌ఫెల్డెలో తొలి కరెంటు ట్రాం నడిపినప్పుడు పట్టాలనే తీగలుగా వాడుకుంది. ఒక పట్టాలో కరెంటు వస్తుంది, రెండో దాంట్లో తిరిగి పోతుంది. దారి దాటే చోట్ల రెండు పట్టాల మీదా కాళ్ళు వేసిన గుర్రాలకు షాకు కొట్టింది. జనసంచారం ఉన్న వీధిలో అది కుదరదని తేలిపోయింది.

అక్కడినుంచి ఇంజనీర్లు రెండు దారులు పట్టారు. ఒకటి భూమిలోకి, ఇంకొకటి ఆకాశంలోకి.

భూమిలోకి వెళ్ళినవాళ్ళు దారి పొడుగునా చిన్న కాలువ తవ్వారు. పైన వేలెడు సందు మాత్రమే వదిలి మూసేశారు. లోపల కరెంటు కడ్డీ. బండి అడుగునుంచి ఒక పలక ఆ సందులోకి దిగి, కడ్డీని రాసుకుంటూ పోతుంది. వీధిలో స్తంభాలుండవు, తీగలుండవు, షాకు భయముండదు. చూడటానికి ఇంతకంటే అందమైన ఏర్పాటు లేదు. ఇంగ్లండులో సముద్రపు ఒడ్డున ఉన్న బ్లాక్‌పూల్ ఊళ్ళో 1885లో ఈ పద్ధతిమీదే ట్రాం పెట్టారు. అలలు ఎగసినప్పుడల్లా ఉప్పునీరు, గాలి వీచినప్పుడల్లా ఇసుక ఆ సందులోకి దిగాయి. నీళ్ళలో ఉప్పు కలిస్తే కరెంటు దాంట్లోనుంచి సులువుగా కారిపోతుంది. మోటారుకు చేరాల్సింది నేలపాలవుతుంది. పద్నాలుగేళ్ళు అవస్థ పడి, 1899లో తీగను పైకెత్తారు.

మద్రాసు ట్రాం కంపెనీ కూడా మొదట ఈ కాలువ పద్ధతినే తెచ్చింది. నవంబరులో మద్రాసులోనో నెల్లూరులోనో ఒక్క వారం ఉన్నవాళ్ళకైనా తర్వాత ఏమై ఉంటుందో చెప్పనక్కర్లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే మన తీరానికి వచ్చేది చినుకులు కాదు, కుండపోత. నేల చదును కాబట్టి నీళ్ళు పోయే దారి ఉండదు. వీధులు మునిగాయి, కాలువలు నిండాయి, బండ్లు ఆగాయి. కొన్నేళ్ళకే కాలువను వదిలేసి మద్రాసు కూడా తీగనే నమ్ముకుంది. యూరపులో గీసిన నక్షాను ఈశాన్య ఋతుపవనం దిద్దింది.

ఆ పై తీగ పద్ధతి అప్పటికి అమెరికాలో గట్టిపడింది. బెల్జియంలో పుట్టి అమెరికా చేరిన చార్లెస్ వాన్ డెపోల్, 1885 నాటికే బండి కప్పు మీద స్ప్రింగు బిగించిన గడ నిలబెట్టి, దాని కొసన గాడి ఉన్న గిలక పెట్టాడు. స్ప్రింగు గడను పైకి నెడుతుంది, గిలక తీగను కిందినుంచి ఒత్తుకుని దొర్లుతుంది. తీగ వదులైనా, బండి ఊగినా పట్టు తప్పదు. అంతకుముందు తీగ మీద చిన్న బండి పెట్టి దాన్ని తాడులాంటి తీగతో లాక్కెళ్ళేవాళ్ళు. అది తరచూ జారి జనం నెత్తిన పడేది. పైనుంచి వేలాడేదాన్ని కిందినుంచి ఒత్తేదిగా మార్చడం వినడానికి ఎంత చిన్న మార్పు! కానీ ప్రపంచంలో వందల ఊళ్ళను తిప్పింది ఆ మార్పే.

దాన్ని ఊరంతటికీ పనికొచ్చేలా చేసినవాడు ఫ్రాంక్ స్ప్రేగ్. అమెరికా నౌకాదళంలో పనిచేసి వచ్చిన ఇంజనీరు. వర్జీనియాలో ఎత్తుపల్లాల ఊరు రిచ్‌మండ్‌లో 1888 ఫిబ్రవరి 2న అతని ట్రాములు నడిచాయి. అతను చేసిన గొప్ప పని మోటారును వేలాడదీయడం. మోటారు ఒక పక్క ఇరుసు మీద ఆనుతుంది, రెండో పక్క స్ప్రింగు మీద బండి చట్రానికి వేలాడుతుంది. పట్టా అతుకుల దగ్గర చక్రం ఎగిరినా పళ్ళచక్రాలు ఒకదాన్నొకటి వదలవు, విరగవు. బోస్టన్‌నుంచి హెన్రీ విట్నీ అనే కంపెనీ పెద్ద చూడటానికి వచ్చినప్పుడు, చాలా బండ్లు ఒకేచోట బయల్దేరితే కరెంటు చాలదేమో అని అనుమానపడ్డాడట. స్ప్రేగ్ రాత్రి పూట 22 బండ్లను వరసగా నిలిపి, ఒకదాని వెనక ఒకటి కదలమని సైగ చేశాడు. దీపాలు మసకబారాయి, బండ్లు మాత్రం అన్నీ కదిలాయి. బోస్టన్ తీగ వేసింది. మిగతా ఊళ్ళు దాని వెంట పడ్డాయి.

ఇక బండి దగ్గరికి వద్దాం. తీగలో దాదాపు 550 వోల్టుల డీసీ కరెంటు. గడలోంచి దిగి, డ్రైవరు ముందున్న కంట్రోలరులోకి వెళ్ళి, అక్కడినుంచి మోటార్లకు, చక్రాలకు, పట్టాకు, పట్టా వెంట తిరిగి పవర్‌హౌసుకు. ఇదీ చుట్టు. కంట్రోలరు పిడి తిప్పితే మొదటి గాళ్ళలో రెండు మోటార్లూ ఒకే వరసలో కలుస్తాయి, ఒక్కోదానికి సగం వోల్టులే అందుతాయి. బండి కుదుపు లేకుండా కదులుతుంది. వేగం అందుకున్నాక విడివిడిగా కలిస్తే రెండింటికీ పూర్తి వోల్టులు. ఆ మోటారుకున్న సుగుణం ఏమిటంటే, నిలబడి ఉన్నప్పుడే అది అన్నిటికంటే ఎక్కువ బలంగా తిప్పుతుంది. బలం అవసరమయ్యేదీ అప్పుడే. నెల్లూరులో పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి రథం లాగినవాళ్ళకు ఇది చేతులతో తెలుసు. మొదటి కదలికకు వందల మంది కావాలి, కదిలాక దారి పొడుగునా అంత బలం అక్కర్లేదు. ట్రాంకు ఇంకో మేలు ఉంది. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద దొర్లుతుంది గనక, రోడ్డు మీద రబ్బరు టైరుకు పోయే శక్తిలో చిన్న భాగమే దీనికి పోతుంది.

డ్రైవరు నిలబడే నడిపేవాడు. ఒక చేయి కంట్రోలరు మీద, ఇంకో చేయి బ్రేకు మీద. మరి గంట? అందుకే గంటను కాలి కింద పెట్టారు. మడమతో తొక్కితే మోగేది. ఇప్పుడు టూరిస్టు బండ్లలో సరదాకి కొట్టే గంట అప్పట్లో రెండు చేతులూ ఖాళీలేని మనిషి కాలి పని. బండి చివరి స్టాపు చేరాక కండక్టరు దిగి, వెనక వేలాడే తాడు పట్టుకుని, గడను తీగనుంచి దించి, అర్ధచక్రంగా తిప్పి, రెండో వైపు తీగకు ఆనించేవాడు. రాత్రిపూట అది చూడవలసిన పని. గిలక తీగను తాకిన చోట నీలిమెరుపు, వెంటనే బండి నిండా వెలుగు.

ఆ వెలుగు లెక్క కూడా చెప్పుకోవాలి. తీగలో 550 వోల్టులు, మామూలు బల్బుకు 110 చాలు. అందుకని అయిదేసి బల్బులను ఒకదాని వెనక ఒకటిగా కలిపేవాళ్ళు. అయిదు నూట పదులు అయిదువందల యాభై. ఒక బల్బు మాడితే దాని వరసలో అయిదూ ఆరిపోతాయి. పెళ్ళిపందిరికీ గుడి గోపురానికీ మనం కట్టే సీరియల్ సెట్లలో ఉన్నది సరిగ్గా ఈ సూత్రమే. ట్రాంకు పండగ దీపాలు కట్టడం ఇంత సులువు కనకే, ఇందాక చెప్పిన బ్లాక్‌పూల్ వాళ్ళు 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవానికి దీపాలతో అలంకరించిన ట్రాములు తిప్పారు. బండికి కరెంటు ఎలాగూ వస్తోంది, ఇంకో నాలుగు వరసలు తగిలిస్తే చాలు. ఈనాటి పండగ ట్రాలీ షికార్లకు అది ముందటి రూపం.

తీగ వేశాక కూడా తీరం ఊరుకోలేదు. పట్టా వెంట తిరిగి పోవాల్సిన కరెంటులో కొంత నేలలోకి జారి, దగ్గర్లో ఏ ఇనుప నీళ్ళగొట్టం దొరికితే దానిలోంచి పోతుంది. అది గొట్టంలోంచి బయటికి వచ్చే చోట ఇనుము కరిగిపోతుంది. తడి, ఉప్పు ఉన్న తీరపు నేలల్లో ఈ బెడద ఎక్కువ. పట్టాల అతుకులను రాగి పట్టీలతో కలిపి, కరెంటును దారి తప్పకుండా చూడటమే దీనికి మందు. ట్రాం నడిచిన ఊరల్లా ఈ పాఠం నేర్చుకుంది.

మన వాళ్ళు ఆ ట్రాం దాకా చేరిన తీరు కూడా మారుతూ వచ్చింది. మొదట్లో కృష్ణపట్నం, దుగరాజపట్నం వైపునుంచి బకింగ్‌హాం కాలువలో పడవల మీద, పులికాట్ సరస్సు దాటి, మద్రాసులో బేసిన్ బ్రిడ్జి దాకా. శ్రీహరికోట కట్టెలు మద్రాసు పొయ్యిల్లోకి వెళ్ళింది ఆ కాలువ మీదే. 1899లో విజయవాడ–మద్రాసు రైలుమార్గం పూర్తయ్యాక రైల్లో సెంట్రల్ స్టేషను. బయటికి వస్తే ట్రాం. పారీస్ కార్నరు, మౌంట్ రోడ్డు, పూనమల్లి రోడ్డు, రిప్పన్ బిల్డింగు, అన్నీ దాని దారులే. పండగల ముందు చైనాబజారులో బేరాలకైనా, దసరాకు కొత్వాల్ చావడి కన్యకాపరమేశ్వరి గుడికైనా, జార్జిటౌనుకే వెళ్ళాలి. దీపాల వేళ ట్రాములో కిటికీ పక్కన కూర్చుని మద్రాసు చూడటం ఆ కాలపు పల్లెటూరి మనిషికి ఎంత పెద్ద సంగతో ఇప్పుడు ఊహించడం కష్టం. తన ఊళ్ళో ఆముదపు దీపం, కిరసనాయిలు బుడ్డి. ఇక్కడ బండే వెలుగుతోంది.

1921 నాటికి 24 కిలోమీటర్ల దారి మీద 97 బండ్లు తిరిగేవి. అదే దాని ఉచ్చదశ. తర్వాత బస్సులొచ్చాయి. బస్సు కంపెనీకి రోడ్డు సర్కారుది. ట్రాం కంపెనీ తన పట్టా తానే వేసుకోవాలి, తన తీగ తానే బిగించుకోవాలి, అరిగినవి తానే మార్చుకోవాలి. ఆ పోటీ సమానమైన పోటీ కాదు. 1950 ప్రాంతానికి కంపెనీ దివాలా తీసింది. 1952 అక్టోబరులో పొట్టి శ్రీరాములు గారు ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో నిరాహార దీక్షకు కూర్చున్నప్పుడు, డిసెంబరు 15న కన్నుమూసినప్పుడు, ఆ వీధుల్లో ట్రాం ఇంకా తిరుగుతూనే ఉంది. నాలుగు నెలలకు అది ఆగిపోయింది. ఆ 1953లోనే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, మద్రాసు మన రాజధాని కాకుండా పోయింది.

ట్రాంను మూయడం అనివార్యమని అప్పుడు అన్నారు. నేను ఒప్పుకోను. మెల్‌బోర్న్ మూయలేదు. ఇవాళ దాదాపు 250 కిలోమీటర్లతో ప్రపంచంలో అతి పెద్ద ట్రాం దారి దానిదే, మన తెలుగువాళ్ళు కూడా దానిమీద ఉద్యోగాలకు వెళ్తున్నారు. చెన్నైలో 2015లో మెట్రో వచ్చింది. సెంట్రల్, మౌంట్ రోడ్డు అంటూ ట్రాం నడిచిన చోట్ల కిందనే, ఎన్నో రెట్ల ఖర్చుతో, సొరంగాలు తవ్వాల్సి వచ్చింది. కరెంటు బండి, ఇనుప పట్టా, పైన తీగ మళ్ళీ వచ్చాయి. మధ్యలో అరవై ఏళ్ళు పోయాయి.

మన దేశంలో ట్రాం మిగిలింది కలకత్తాలోనే. దుర్గాపూజ రోజుల్లో అక్కడ ట్రాములో ఊరు తిప్పి చూపించారు కూడా. 2024 సెప్టెంబరులో బెంగాల్ ప్రభుత్వం ఎస్ప్లనేడ్–మైదానం ముక్క తప్ప మిగతాది ఆపేస్తామని ప్రకటించింది. అటు వెళ్ళే పని పడితే ఆ ముక్క మీద నడుస్తోందేమో కనుక్కుని ఎక్కండి, పిల్లల్ని ఎక్కించండి. కావలి నుంచి తడ దాకా ఎవరి ఇంట్లోనైనా, పాత ట్రంకుపెట్టెలో మద్రాసు ట్రాం టికెట్టో ఫోటోనో ఉంటే పారేయకండి. ఎవరు, ఏ ఏడు, ఎక్కడ ఎక్కారో ఆ ఇంటి పెద్దవాళ్ళను అడిగి దాని వెనక రాసిపెట్టండి.