పిల్లికి అందలేదు గాని, ఎలుకకు అందింది

కొన్నేళ్ళ క్రితం మాట. సంక్రాంతి దాటింది. నూర్చి తెచ్చిన ధాన్యం బస్తాలు వసారాలో ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. ధాన్యంతోపాటే ఎలుకలూ ఇంట్లో చేరాయి. రాత్రి దీపం ఆర్పితే చాలు, అటక మీద పరుగులే పరుగులు. పప్పు సంచికి చిల్లు. పిల్లవాడి బడిసంచికి చిల్లు. చివరికి ఆదివారం ఆరాధనకు కట్టుకుందామని తీసి పెట్టిన చీర అంచు కూడా కొరికేశాయి.

మా ఇంట్లో పిల్లి ఉంది. అప్పటికి రెండు పిల్లల తల్లి. “పిల్లి తిరిగే ఇంట్లో మందు ఎందుకండీ?” అన్నాను. “దానికి అందని చోట పెడతాలే” అని మావారు ఎరువుల దుకాణం నుండి మందు బిళ్ళలు తెచ్చారు. రేకు డబ్బాకు ఎలుక దూరేంత కన్నం చేసి, బిళ్ళలు అందులో వేసి, మూత బిగించి అటక మూలకు నెట్టారు. అంతకంటే జాగ్రత్త ఏముంటుంది అనుకున్నాం.

వారం తిరిగేసరికి ఎలుకల అలికిడి తగ్గింది. సంతోషించాం. పదో రోజున పిల్లి మంచం కింద నుండి లేవలేదు. పాలు పోస్తే ముట్టలేదు. చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి. ముక్కు దగ్గర నెత్తుటి చార. బుట్టలో పెట్టుకొని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాం.

“ఇంట్లో ఎలుకల మందు పెట్టారా అమ్మా?” డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న అదే.

“పెట్టామండీ. కాని పిల్లికి అందకుండా పెట్టాం.”

“పిల్లికి అందలేదు గాని, ఎలుకకు అందింది కదమ్మా. ఆ ఎలుకలు పిల్లికి అందాయి.”

ఇంజెక్షను చేశారు. అప్పటికే ఆలస్యమైంది. ఆ సాయంత్రమే పిల్లి చనిపోయింది. మా ఇంట్లో జరిగింది మీ ఇంట్లో జరగకూడదనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మందులో ఉన్న ప్రమాదం

పల్లెటూళ్ళలో ఎలుకలకు వాడే మందులు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది మేము వాడిన బిళ్ళ. అందులోని బ్రోమాడియోలోన్ అనే మందు రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. తిన్న ఎలుక వెంటనే చావదు. నాలుగైదు రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే బ్రతుకుతుంది. ఆ రోజుల్లో నీరసించి మెల్లగా తిరుగుతుంది. అలాంటి ఎలుక పిల్లికి సులువుగా చిక్కుతుంది. మందు ఎలుక కాలేయంలో నిలిచి ఉంటుంది గనుక, అలాంటి ఎలుకల్ని నాలుగైదు తింటే పిల్లి ఒంట్లోనూ విషం పేరుకుంటుంది. దీనికి విరుగుడు విటమిన్ కె1. కాని త్వరగా మొదలుపెట్టాలి, వారాల తరబడి ఇవ్వాలి.

రెండవది జింక్ ఫాస్ఫైడ్. నల్లని పొడి, వెల్లుల్లి వంటి వాసన. కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువుగా మారుతుంది. దీనికి విరుగుడు లేదు. చచ్చిన ఎలుక కడుపులో మిగిలిన మందు దాన్ని తిన్న పిల్లికీ, కుక్కకూ ముప్పే.

మూడవది పచ్చ భాస్వరం కలిసిన పేస్టు. రొట్టెముక్కకో, టమోటాకో పూసి మూలల్లో పెడతారు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంతకంటే ప్రమాదం లేదు. మింగిన మనిషి ఒకటి రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. ఆ తరువాత కాలేయం చెడిపోతుంది. దీనికీ విరుగుడు లేదు. కోపంలో, దుఃఖంలో ఎవరి చేయి దేనిమీద పడుతుందో చెప్పలేం. ఇలాంటిది ఇంట్లో లేకపోవడమే మేలు.

పిల్లి ఒక్కటే చాలదు

పిల్లి ఉంటే ఎలుకలుండవు అంటారు. ఇది సగమే నిజం. చిట్టెలుకలను పిల్లి బాగా పడుతుంది. పెద్ద ఎలుకల జోలికి, పందికొక్కుల జోలికి చాలా పిల్లులు పోవు. పస్తుంచితే బాగా వేటాడుతుందనుకోవడం కూడా పొరపాటే. కడుపు నిండిన పిల్లి కూడా ఎలుక కదిలితే దూకుతుంది. తిండి దొరికిన పిల్లి ఇల్లు విడువదు. పస్తున్న పిల్లి ఊరిమీద పడుతుంది.

చిట్టెలుక సుమారు ఇరవై రోజులకే ఈనుతుంది. ఈతకు ఐదారు పిల్లలు. ఆరు వారాల్లో ఆ పిల్లలూ ఈతకు వస్తాయి. ఈ లెక్కతో ఒక్క పిల్లి ఎలా పోటీ పడగలదు? పని మనమే చెయ్యాలి, పిల్లి సాయం చేస్తుంది.

విషం లేకుండా ఏం చెయ్యవచ్చు?

1. తిండి దొరకనివ్వకండి. బియ్యం, పప్పులు, వేరుశెనగ మూత గట్టిగా పట్టే రేకు డబ్బాల్లో, డ్రమ్ముల్లో పొయ్యండి. బస్తాలను నేలకు ఒక అడుగు ఎత్తున బల్లమీద, గోడకు ఒక అడుగు ఎడంగా పేర్చండి. ఆ సందులో పిల్లి తిరగగలగాలి. పిల్లికి పెట్టిన అన్నం, కోళ్ళకు చల్లిన నూకలు రాత్రికి మిగలకూడదు. ఎలుకలకు మనమే విందు చేస్తున్నామని చాలామందికి తోచదు.

2. దారులు మూయండి. పెన్సిలు దూరే కన్నం ఉంటే చిట్టెలుక దూరుతుంది. కన్నాల్లో గాజుపెంకులు కలిపిన సిమెంటు కూరండి. తూములకు సన్నకన్నాల ఇనుప జల్లెడ బిగించండి. తలుపు అడుగున సందుంటే రేకు ముక్క కొట్టించండి. పెంకుటింట్లో చూరు దగ్గర గోడకూ దూలానికీ మధ్య సందును తప్పక చూడండి.

3. గూళ్ళు తీసెయ్యండి. పాత గోనెలు, కాగితాల కట్టలు, గోడవార పోగేసిన కట్టెలు నెలకోసారి కదపండి. రెట్టలున్న చోట పొడిగా ఊడ్చకండి. బ్లీచింగు నీళ్ళు చల్లి తుడవండి. ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది.

4. బోను పెట్టండి. ఇక్కడొక చిన్న కిటుకు. మనమంతా బోనులో ఎండుచేప ముక్క గుచ్చుతాం. పిల్లి ఉన్న ఇంట్లో అది పిల్లినే పిలుస్తుంది. దాని బదులు కాల్చిన కొబ్బరిముక్క, వేయించిన వేరుశెనగ పలుకు పెట్టండి. బోనును గోడవారగా ఉంచండి, ఎలుక గోడనంటే నడుస్తుంది. టప్పున పడే కత్తెర బోనైతే, ఎలుక మాత్రమే దూరే కన్నమున్న పెట్టెలో పెట్టి, పైన రాయి ఉంచండి. పిల్లి కాలు అందులో పడకూడదు. ఒక్కటి కాదు, ఐదారు బోనులు ఒకేసారి పెడితేనే ఫలితం.

జిగురు అట్టలు వాడవద్దు. పిల్లికూన అంటుకుంటే లాగకండి, వంటనూనె రాసి మెల్లగా విడిపించండి. కలరా ఉండలు, ఘాటైన ఫినాయిలు కూడా పిల్లికి విషమే.

ఊరంతా కలిసి పొలాల్లో మందు పెట్టే రోజుల్లో పిల్లిని కొన్నాళ్ళు ఇంట్లోనే కట్టడి చెయ్యండి. ఇరుగుపొరుగుతో ముందే ఒక మాట అనుకోండి. మీ ఇంట్లో మందు లేకపోయినా, పక్కింటి ఎలుక మీ ఇంటికి రాదని ఏముంది? చచ్చిన ఎలుక కనిపిస్తే చేతికి కవరు తొడుక్కొని తీసి, లోతుగా పాతిపెట్టండి.

పిల్లిని కూడా చూసుకోవాలి

ఎలుకల్ని తినే పిల్లికి కడుపులో పురుగులు పడతాయి. మూడు నెలలకోసారి పురుగుల మందు, ఏడాదికోసారి రేబిస్ టీకా వేయించండి. పిల్లి మలాన్ని ఏ రోజుకారోజు తీసెయ్యండి. గర్భిణీలు ఆ పని చెయ్యకూడదు. దానివల్ల కడుపులోని బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి సోకవచ్చు. పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళండి.

మందు మింగితే

పిల్లి మందు తిన్నదని అనుమానం వస్తే నీరసించేదాకా చూడకండి. మందు పొట్లాన్ని కూడా తీసుకొని వెంటనే పశువుల డాక్టరు వద్దకు వెళ్ళండి. బిడ్డ మింగితే 108కి ఫోను చెయ్యండి. కక్కించకండి. పాలు, నూనె అసలే పట్టకండి. పచ్చ భాస్వరం కొవ్వుతో కలిస్తే ఒంట్లోకి ఇంకా త్వరగా ఎక్కుతుంది. బిడ్డ బాగానే ఆడుకుంటున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళవలసిందే.

తల్లి పోయిన ఆ రెండు కూనలను అన్నం, పాలు పెట్టి మా అత్తగారు పెంచారు. మావారు అటక మీది డబ్బా దింపి, మందంతా గొయ్యి తీసి పాతిపెట్టారు. మరునాడే తాపీమేస్త్రీని పిలిచి కన్నాలన్నీ పూడ్పించారు. మందు మళ్ళీ మా గడప తొక్కలేదు. ఇప్పుడు కోతలయ్యాక ఎలుకలు రావని కాదు, వస్తాయి. బోనులు పెడతాం, డబ్బాల మూతలు బిగిస్తాం. మిగిలింది పిల్లి చూసుకుంటుంది.