పెళ్లి డిస్కులు చెడకముందే.. డీవీడీ రైటరు ఎంపికలో మెలకువలు

రెండు వేల సంవత్సరం తర్వాత పది పన్నెండేళ్లపాటు మన పల్లెల్లో జరిగిన పెళ్లిళ్లు, ఓణీల వేడుకలు, గృహప్రవేశాలు చాలావరకు సీడీలు, డీవీడీల్లోనే ఉన్నాయి. వాటిని చిత్రీకరించిన స్టూడియోలు ఎన్నో మూతపడ్డాయి. కెమెరాలో వాడిన క్యాసెట్ల మీద ఆ తర్వాత మరో పెళ్లి చిత్రీకరించిన సందర్భాలూ తక్కువేమీ కాదు. అలాంటి ఇళ్లలో బీరువాలో మిగిలిన డిస్కే ఏకైక ప్రతి. అందులో అక్షతలు వేస్తూ కనిపించే పెద్దల్లో కొందరు నేడు లేరు. వారి గొంతు వినాలంటే ఆ డిస్కు తిరగాలి. అయితే ఇప్పుడు వస్తున్న ల్యాప్‌టాప్‌లలో అధిక శాతానికి డిస్కు పెట్టే ట్రే ఉండటం లేదు. అందువల్ల తక్కువ ధరలో అన్ని రకాల డిస్కులనూ చదివి, రాయగల డీవీడీ రైటరును విడిగా సమకూర్చుకోవలసి వస్తోంది.

ప్లస్, మైనస్ అంటే..

డ్రైవ్ పెట్టె మీద కనిపించే డీవీడీ ప్లస్ ఆర్, మైనస్ ఆర్ అనే మాటలు కొనుగోలుదారులను తికమక పెడుతుంటాయి. మైనస్ ఆర్ పద్ధతిని పయనీర్ సంస్థ 1997లో ప్రవేశపెట్టింది. కొన్నేళ్ల తర్వాత ఫిలిప్స్, సోనీ, హెచ్‌పీ తదితర సంస్థలు జట్టుకట్టి ప్లస్ పద్ధతిని తెచ్చాయి. రెండు డిస్కులూ చూడటానికి ఒకేలా ఉంటాయి. రెండింటి సామర్థ్యమూ 4.7 జీబీయే. లేజరు కిరణం డిస్కు మీద తన స్థానాన్ని గుర్తించే ఆనవాళ్లలోనే తేడా ఉంది. ఆ తేడా వల్లే తొలినాళ్లలో ఒక వర్గం డ్రైవ్ మరో వర్గం డిస్కు మీద రాయలేకపోయేది. కంపెనీల పోటీకి మూల్యం చెల్లించింది వినియోగదారుడే. 2002లో సోనీ రెండు రకాలనూ రాసే డ్రైవ్‌ను విడుదల చేసింది. మరుసటి ఏడాది ఎల్‌జీ వీటికి తోడు డీవీడీ ర్యామ్‌ను కూడా రాయగల డ్రైవ్‌ను తెచ్చింది. సూపర్ మల్టీ అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది ఈ తరహా డ్రైవ్‌లతోనే.

ప్రస్తుతం దొరికే కొత్త రైటర్లు ప్లస్, మైనస్ రెండింటినీ రాస్తాయి. కాబట్టి మల్టీ అన్న ఒక్క మాట కోసం అదనపు సొమ్ము చెల్లించనవసరం లేదు. పాత సామగ్రి దుకాణాల్లో కొనేవారు మాత్రం ముందున్న గుర్తును జాగ్రత్తగా చదవాలి. డీవీడీ రోమ్ అని ఉంటే అది చదవడానికే తప్ప రాయడానికి పనికిరాదు. కాంబో డ్రైవ్ డీవీడీని చదువుతుంది గానీ సీడీని మాత్రమే రాస్తుంది. పాత డ్రైవ్‌లలో లేజరు బలహీనపడి ఉండే అవకాశమూ ఉంది. ఇంట్లో ఉన్న మామూలు డిస్కు ఒకటి వెంట తీసుకెళ్లి, దుకాణంలోనే నడిపించి చూసిన తర్వాతే డబ్బు ఇవ్వడం ఉత్తమం.

లోపల బిగించేదా, బయట పెట్టేదా?

డెస్క్‌టాప్ కంప్యూటరు ఉన్నవారికి క్యాబినెట్‌లో బిగించే డ్రైవే మేలు. ఇది దృఢంగా ఉంటుంది. సాధారణంగా 16 ఎక్స్ వరకు వేగంతో రాస్తుంది. మదర్‌బోర్డుకు సాటా కనెక్షన్ ఉందో లేదో ముందుగా చూసుకోవాలి. వెడల్పాటి రిబ్బను తీగ ఉండే పాత ఐడీఈ డ్రైవ్‌లను నేటి బోర్డులకు నేరుగా తగిలించడం సాధ్యం కాదు.

ల్యాప్‌టాప్ ఉన్నవారికి యూఎస్‌బీ తీగతో పనిచేసే పలుచని డ్రైవ్ తప్పదు. దీని వేగం మామూలుగా 8 ఎక్స్. డీవీడీలో ఒక ఎక్స్ అంటే సెకనుకు సుమారు 1.38 ఎంబీ. నిండు డిస్కు రాయడానికి 16 ఎక్స్ డ్రైవ్‌కు అయిదారు నిమిషాలు, 8 ఎక్స్‌కు పది నిమిషాల లోపు పడుతుంది. ఆ నాలుగు నిమిషాల కోసం ఆరాటపడవలసిన పని లేదు. పైగా వేగం కాస్త తగ్గించి రాయడమే చాలామందికి అలవాటు.

యూఎస్‌బీ డ్రైవ్‌తో వచ్చే అసలు ఇబ్బంది విద్యుత్తుది. యూఎస్‌బీ 2.0 పోర్టు నిబంధనల ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంపులే. డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు, రాసేటప్పుడు డ్రైవ్‌కు అంతకు మించి అవసరం కావచ్చు. డిస్కు టక్‌టక్‌మని ఆగిపోతుంటే డ్రైవ్ చెడిపోయిందని వెంటనే నిర్ణయానికి రాకూడదు. కంప్యూటరుకు నేరుగా తగిలించి చూడాలి. రెండు యూఎస్‌బీ కొనలున్న తీగతో వచ్చే డ్రైవ్ దొరికితే దాన్నే ఎంచుకోవాలి. పేరూ ఊరూ లేని డ్రైవ్‌లు చవకగా వస్తాయి, కానీ గీతలు పడిన డిస్కు దగ్గర తేలిపోతుంటాయి. మన పని ముఖ్యంగా పాత డిస్కులతోనే కనుక, తిరిగి తీసుకునే హామీ ఉన్న కంపెనీ సరుకుకు నాలుగైదు వందలు ఎక్కువ పెట్టడం దండగ కాదు. బ్లూరే డ్రైవ్ ఈ అవసరానికి అక్కరలేదు.

ముందు నకలు, తర్వాతే డీవీడీ

రాసిన డిస్కులో సమాచారం నిలిచేది ఒక రంగు పొర మీద. ఎండ, వేడి ఆ పొరకు శత్రువులు. రేకుల కప్పు కింద అటక మీద పెట్టిన డిస్కులు వేసవిలో ఎంత వేడెక్కుతాయో చెప్పనక్కరలేదు. డ్రైవ్ ఇంటికి రాగానే కొత్త డీవీడీలు రాయడం కంటే, పాతవాటిని కంప్యూటరులోకి ఎక్కించడం మొదటి పని. వీసీడీలో ఎంపెగ్ ఏవీ అనే ఫోల్డరులో డ్యాట్ ఫైళ్లు ఉంటాయి. డీవీడీలో వీడియో టీఎస్ ఫోల్డరులోని వీఓబీ ఫైళ్లు ఒక్కొక్కటి ఒక జీబీ వరకు ముక్కలుగా ఉంటాయి. ఒక ముక్కను తీసి ఊరుకోక ఫోల్డరు మొత్తాన్ని నకలు చేయాలి. విండోస్ 8 నుంచి డీవీడీ సినిమాను చూపే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ తొలగించింది. ఉచితంగా లభించే వీఎల్‌సీతో ఈ రెండు రకాలనూ చూడవచ్చు. నకలును ఒక హార్డ్ డిస్కులో ఉంచి, మరొకటి వేరే ఇంట్లో ఉండే బంధువులకు ఇవ్వడం మంచిది.

ఆ తర్వాత డీవీడీ రాయదలిస్తే కరెంటు కోతల వేళలను చూసుకోవాలి. ఒకసారే రాసే డిస్కు మీద మధ్యలో విద్యుత్తు పోతే ఆ డిస్కు చాలావరకు వృథాయే. డిస్కుపై కాగితం అంటించడం, బాల్‌పెన్నుతో రాయడం కూడదు. మెత్తని మార్కరు వాడాలి.

ఏదైనా డిస్కు ఖాళీగా ఉన్నట్లు కనిపిస్తే పారవేయకూడదు. రికార్డు చేసినవారు ఫైనలైజ్ చేయకుండా వదిలేసి ఉండవచ్చు. అలాంటిది రికార్డు చేసిన పరికరంలోనే తెరుచుకోవచ్చు. గీతల వల్ల పలుచని డ్రైవ్ చదవలేని డిస్కును డెస్క్‌టాప్ డ్రైవ్‌లో, అదీ కుదరకపోతే మరో కంపెనీ డ్రైవ్‌లో పెట్టి చూడాలి. ఒకటి చదవలేనిది మరొకటి చదివిన సందర్భాలు అనేకం ఉన్నాయి.