ఫోన్లో దుకాణం పెడితే చాలదు... రోజు లెక్క కూడా కావాలి!

మధ్యాహ్నం అంట్లు తోముకుని, వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చి ఫోన్ చేతిలోకి తీసుకుంటారు కదూ? అందులో ఒకావిడ పచ్చళ్లు అమ్ముతూ కనిపిస్తుంది. ఇంకొకావిడ చీరలు విప్పి చూపిస్తుంది. మరొకావిడ ముగ్గులు వేసి చూపిస్తూ నాలుగు రాళ్లు సంపాదించుకుంటున్నానంటుంది. 'వాళ్ల కంటే నేనేం తక్కువ? నేనూ మొదలుపెడితే?' అని మీకూ అనిపించే ఉంటుంది.

కొందరు మొదలుపెట్టేశారు కూడా. వాట్సాప్‌లో గ్రూపు పెట్టారు, నాలుగు ఫోటోలు వేశారు. మొదటి వారం అక్కచెల్లెళ్లు, తోడికోడళ్లు మొహమాటానికి కొన్నారు. నెల తిరిగేసరికి ఆ గ్రూపులో 'గుడ్ మార్నింగ్' బొమ్మలు తప్ప ఇంకేం లేవు. దాంతో ఉత్సాహం చల్లారిపోయింది. 'ఇది మనవల్ల అయ్యే పని కాదులే' అని పక్కన పెట్టేశారు.

అంత తొందరపడకండి. చేతకాకపోవడం వేరు, దారి తెలియకపోవడం వేరు. చేతి పనికి పేరుపడిన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్లను చూస్తే ఆ దారి ఎలా దొరుకుతుందో కొంత అర్థమవుతుంది. అక్కడి ఆడవాళ్లు తరతరాలుగా బీడీలు చుట్టారు, నూలు పనులు చేశారు, పసుపు చేలల్లో నడుం వంచారు. ఇంటాయన దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటే ఇల్లంతా ఒంటిచేత్తో నడిపారు, నడుపుతున్నారు. కష్టపడడం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. మీకు మాత్రం నేర్పాలా?

గంగవ్వ ఏం చేసింది?

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో లంబాడిపల్లి అని ఒక పల్లె. ఆ ఊరి గంగవ్వ పేరు మీరందరూ వినే ఉంటారు. బడి మొహం చూడలేదు. కూలికెళ్లింది, బీడీలు చుట్టింది, పిల్లల్ని పెంచింది. ఆ ఊరికే చెందిన శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' పేరుతో యూట్యూబ్‌లో పల్లె జీవితం మీద వీడియోలు మొదలుపెట్టాడు. కొన్నేళ్లకు గంగవ్వ వాటిలో కనిపించింది. అప్పటికి ఆమెకు యాభై దాటాయి!

ఆమెలో జనానికి ఏం నచ్చిందంటారు? పట్నం వాళ్ల భాష మాట్లాడబోలేదు. రాసిచ్చిన మాటలు చదవడం రాదు కనుక సందర్భం ఏమిటో చెబితే తన యాసలో, తనకు తోచినట్టు మాట్లాడింది. రోజూ పొలం గట్టున, ఇంటి అరుగు మీద ఎలా మాట్లాడుతుందో అదే మాట, అదే విసురు. తర్వాత 2019లో 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్' సినిమాల్లో కనిపించింది. 2020లో బిగ్ బాస్ ఇంట్లోకి వెళ్లింది. ఆరోగ్యం సహకరించక మధ్యలోనే బయటికొచ్చేసినా, సొంతిల్లు కట్టుకోవాలన్న కోరిక మాత్రం తీర్చుకుంది.

'మనమంతా గంగవ్వలం అవుతామా?' అని మీరడగొచ్చు. కాలేం, అందరూ కానక్కర్లేదు కూడా. ఆమె వెనక ఏళ్ల తరబడి పనిచేసిన కుర్రాళ్ల బృందం ఉంది. వీడియోలు పెట్టగానే యూట్యూబ్ డబ్బులు పంపదు. ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటలసేపు జనం మీ వీడియోలు చూసి ఉండాలి. లేదంటే 90 రోజుల్లో మీ షార్ట్స్‌ను కోటిసార్లు చూడాలి. గంగవ్వ నుంచి మనం తీసుకోవాల్సింది ఒక్కటే. తన దగ్గర ముందే ఉన్నదాన్ని బయటపెట్టింది. దారి వెతుక్కోవడం అక్కణ్ణుంచే మొదలవ్వాలి.

మిమ్మల్ని జనం ఏమడుగుతారు?

'ఏం అమ్మితే బాగా పోతుంది?' అని ఫోన్‌ని అడక్కండి. అది లక్ష చూపిస్తుంది, మీ బుర్ర తిరిగిపోతుంది. మీ చుట్టుపక్కల వాళ్లు మీ దగ్గరికి దేనికోసం వస్తారో గుర్తు చేసుకోండి. సంక్రాంతి వస్తే 'సకినాలు చుట్టడానికి రా అక్కా' అని ఎవరికోసం కబురు పంపుతారు? పెళ్లిళ్ల రోజుల్లో జాకెట్లు ఎవరికి కుట్టమని ఇస్తారు? పసుపు కొట్టించాలన్నా, మామిడికాయ పచ్చడి కలపాలన్నా ఎవరి చెయ్యి పడాలంటారు? ఆ పేరు మీదే అయితే మీ సరుకేదో మీకు తెలిసిపోయినట్టే.

కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు బాగా పండుతుంది. జగిత్యాల మామిడికి పేరు. సిరిసిల్లలో గుడ్డకు కొదవ లేదు. ఊళ్లో దొరికే సరుకు మీద మీ చేతి పనితనం కలిస్తే పెట్టుబడి తక్కువ, నాణ్యత మీ కళ్లముందే ఉంటుంది. ఎక్కణ్ణుంచో తెప్పించిన చీరలకు పదో ఇరవయ్యో కలిపి అమ్మే పని కూడా ఉంది, తప్పు లేదు. కానీ అదే ఫోటో మరో వందమంది దగ్గర కూడా ఉంటుంది. అప్పుడు కొనేవాళ్లు చూసేది ధర ఒక్కటే.

మూణ్ణెల్లపాటు ఒక్క సరుకే పెట్టుకోండి. ఈ వారం పచ్చళ్లు, వచ్చే వారం గాజులు, ఆపై వారం నైటీలు అంటే మీరు దేనికి ప్రసిద్ధో ఎవరికీ గుర్తుండదు.

బీడీల చాటలో ఉన్న కిటుకు

ఇప్పుడు అసలు సంగతి. 'మొదట్లో ఉన్న హుషారు తర్వాత ఉండదేం?' అని చాలామంది వాపోతుంటారు.

బీడీలు చుట్టే అమ్మను గమనించండి. ఒళ్లో చాట, పక్కన తడిపి కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. ఆమెకు రోజూ హుషారు ఉంటుందా? ఒంట్లో బాగుండని రోజులుంటాయి, మనసు బాగుండని రోజులుంటాయి. అయినా చేతులు ఆగవు. ఎందుకంటే వెయ్యికింత అని కూలి. ఇన్ని చుట్టాలన్న లెక్క ముందే ఉంది. సాయంత్రానికి కట్టలు లెక్కపెడితే ఈ రోజు ఏం చేశానో కళ్లకు కనిపిస్తుంది.

సొంత వ్యాపారంలో ఆ లెక్క ఇచ్చేవాళ్లు ఉండరు. ఆకూ తంబాకూ తూచి ఇచ్చి 'ఇన్ని తే' అనే మనిషి లేడు. అందుకే ఈ రోజు కాకపోతే రేపు అనుకుంటాం. మనం 'ఉత్సాహం పోయింది' అంటున్నది చాలాసార్లు ఈ లెక్క లేకపోవడమే. కనుక ఆ లెక్క మీకు మీరే పెట్టుకోండి. 'రోజుకు పది ఆర్డర్లు రావాలి' అనుకోకండి, అది కొనేవాళ్ల చేతిలో ఉంది. 'రోజూ ఒక మంచి ఫోటో పెడతాను. అడిగిన వాళ్లకు ఆ రోజే జవాబిస్తాను. పాత గిరాకి ఒకరికి ఫోన్ చేసి సరుకెలా ఉందని అడుగుతాను.' ఇవి మూడూ మీ చేతిలోవే, గంట పని. రాత్రి పడుకోబోయే ముందు క్యాలెండర్ మీద టిక్కు పెట్టండి. ఆర్డర్ రాని రోజున కూడా ఆ టిక్కు చూస్తే పని చేశామన్న తృప్తి ఉంటుంది.

మూణ్ణెల్ల తర్వాత లైకులు ఎన్నని చూడకండి. రెండోసారి ఎంతమంది కొన్నారో చూడండి. మొదటిసారి చుట్టరికం కొనిపిస్తుంది, రెండోసారి సరుకే కొనిపించాలి. మళ్లీ మళ్లీ వస్తుంటే మీ దారి సరైనదే. ఒక్కరూ తిరిగి రాకపోతే సరుకో, ధరో, ప్యాకింగో ఎక్కడో తేడా ఉందన్నమాట. వాళ్లనే అడిగి తెలుసుకోండి. బాధపడి మానెయ్యకండి.

సిరిసిల్ల చెప్పే జాగ్రత్త

సిరిసిల్లలో పనితనానికి కొదవ లేదు. అక్కడి నేత కళాకారుడు వెల్ది హరిప్రసాద్ జి-20 చిహ్నాన్ని మగ్గం మీద నేసి ప్రధానికి పంపితే, 2022 నవంబరులో 'మన్ కీ బాత్'లో దేశమంతా ఆయన పేరు వింది. ఇక మరమగ్గాల సంగతి. 2017 నుంచి 2023 వరకు ప్రభుత్వం బతుకమ్మ చీరలు నేయించింది. ఏటా కోటి దాకా చీరలు! మగ్గాలకు చేతినిండా పని. ఆ పథకం ఆగిపోయాక 2024లో మగ్గాలు మూగబోయి కార్మికులు అవస్థ పడ్డారు. తర్వాత 2025లో మహిళా సంఘాల సభ్యులకిచ్చే ఇందిరమ్మ చీరల పని అక్కడికే వచ్చింది.

ప్రభుత్వ పని రావడం మంచిదే. కానీ కొనేవాడు ఒక్కడే అయితే, ఆ ఒక్కడూ ఆగిన రోజున మనమూ ఆగిపోతాం. మనకూ అంతే. ఒక్క యాప్ మీదో, దుబాయ్‌లో ఉన్న ఒక్క బంధువు ఇచ్చే పెద్ద ఆర్డర్ మీదో మొత్తం భారం వెయ్యకండి. పది ఇళ్లకు అరకిలో చొప్పున అమ్మడం, ఒక్కరికే ఐదు కిలోలు అమ్మడం కంటే నిలకడైన వ్యాపారం. గిరాకీల నంబర్లు ఒక పుస్తకంలో కూడా రాసి పెట్టుకోండి. యాప్ పోయినా మనుషులు పోరు.

మీ కష్టానికి ధర కట్టారా?

సకినాలే తీసుకుందాం. కిలోకి బియ్యం, నువ్వులు, వాము, నూనె కలిపి 150 రూపాయలు, గ్యాస్ 20, డబ్బా, కవరు 20 అయ్యాయనుకోండి. మొత్తం 190. మీరు 250కి అమ్మితే 60 మిగిలిందని సంబరపడతారు. కానీ పిండి పట్టించడం నుంచి వేయించి ఆరబెట్టే దాకా రెండు గంటలు పట్టిందనుకుంటే, గంటకు మీకు దక్కింది 30 రూపాయలే! ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు. మీ ఊరి ధరలతో మీరు లెక్క కట్టుకోండి. మీ కూలి కూడా అందులో చేర్చాకే ధర చెప్పండి. కొరియర్ ఖర్చు విడిగా చెప్పెయ్యండి.

ఇంకో మాట. సకినాలు దారిలో విరిగిపోతాయి. ముందు దూరాన ఉన్న మీ చెల్లెలికో అన్నయ్యకో ఒక డబ్బా పంపి చూడండి. ఎన్ని ముక్కలయ్యాయో తెలిశాకే బయటివాళ్లకు పంపండి.

తినే వస్తువులు అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు ఉండాలి, తెలిసినవాళ్లతో చేయించుకోండి. జీఎస్టీ అంటే హడలిపోవద్దు. అమ్మకాలు పరిమితి లోపే ఉండి, సొంత రాష్ట్రంలోనే వస్తువులు అమ్ముకునే చిన్నవాళ్లు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే, ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని ఆన్‌లైన్ అంగళ్లలో అమ్మే వీలు 2023 అక్టోబరు 1 నుంచి వచ్చింది. పెట్టుబడి కావాలంటే మీ మహిళా సంఘం ఉండనే ఉంది. అమ్మకం కుదురుకోక ముందే అప్పు మాత్రం చెయ్యకండి.

ఇంట్లో వాళ్లు సణుగుతున్నారా?

'ఎప్పుడు చూసినా ఆ ఫోనేనా?' అని అత్తగారు అంటే కోపం తెచ్చుకోకండి. ఆవిడకు కనిపించేది ఫోనే కదా! పనికి ఒక వేళ పెట్టుకోండి. మిగతా సమయంలో ఫోన్ పక్కన పెట్టెయ్యండి. నెలాఖరున జమాఖర్చుల పుస్తకం ఆవిడకీ, మీవారికీ చూపించండి. సకినాల చుట్టు సరిగ్గా తిరగడం లేదని ఆవిడనే సలహా అడగండి. రేపు 'మా దుకాణం' అని పదిమందికీ చెప్పేది ఆవిడే!

జాగ్రత్త సుమా!

* వ్యాపారానికి వేరే సిమ్ తీసుకోండి. ఇంటి నంబరు, పిల్లల ఫోటోలు అందులో పెట్టకండి.

* మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు, స్కాన్ చెయ్యక్కర్లేదు. 'డబ్బు పంపుతున్నాను, పిన్ కొట్టండి' అన్నవాడు దొంగే.

* 'వీడియోలకు లైకు కొడితే వేలు వస్తాయి, ముందు కొంత కట్టండి' అంటే నమ్మకండి. పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు అడగడు.

* మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంట్లో వాడకుండా పడి ఉన్న పాత డైరీ ఒకటి తీయండి. మొదటి పేజీలో, జనం మిమ్మల్ని తరచూ అడిగే పని ఒకటి రాయండి. రెండో పేజీలో, దానికయ్యే ఖర్చు మీ కూలితో సహా రాయండి. మూడో పేజీలో, రేపటినుంచి రోజూ చెయ్యాల్సిన మూడు పనులు రాయండి. ఆ మూడింటిలో మొదటిది రేపు అంట్లు తోమడం అయిపోగానే చేసెయ్యండి, సరేనా?