దారువు చెప్పే సాక్ష్యం: సూక్ష్మదర్శినితో గట్టికలపల గుర్తింపు

కౌశాంబి ప్రభువైన ఉదయనుడు బుద్ధ భగవానుని జీవితకాలంలోనే ఆయన ప్రతిమను చందనదారువుతో చెక్కించాడని బౌద్ధ ఐతిహ్యం. క్రీ.శ. ఏడవ శతాబ్దంలో భారతదేశంలో పర్యటించిన హుయాన్‌త్సాంగ్ ఈ ప్రతిమను ప్రస్తావించాడు. దానికి ప్రతిరూపంగా 985లో చైనాలోని తైజౌలో ఒక విగ్రహం రూపొందింది. జపాన్ భిక్షువు చోనెన్ దానిని స్వదేశానికి తీసుకువెళ్లాడు. నేడది క్యోటోలోని సెయిర్యోజి విహారంలో పూజలందుకొంటోంది. దాదాపు 160 సెంటీమీటర్ల ఎత్తున్న ఆ మూర్తికి ‘చందన ప్రతిమ’ అనే ప్రసిద్ధి ఉంది. అయితే అది చందనం కాదని, చైనాకు చెందిన ఒక చెర్రీ జాతి దారువని పండితులు పేర్కొంటున్నారు.

సంప్రదాయం ఒక వృక్షాన్ని, దారువు మరొక వృక్షాన్ని సూచించినప్పుడు వారసత్వ పరిశోధకుడు ఏమని నమోదు చేయాలి? దీనికి సమాధానం చెప్పాలంటే, కలప తన జాతిని ఏ విధంగా వెల్లడిస్తుందో ముందు తెలియాలి.

గట్టికలప అంటే

వృక్షశాస్త్రంలో ‘గట్టికలప’ అనే పేరు కాఠిన్యాన్ని బట్టి వచ్చింది కాదు. పుష్పించే ద్విదళబీజ వృక్షాల కలపనంతటినీ ఈ పేరుతోనే వ్యవహరిస్తారు. గోటితో నొక్కితే సొట్టపడే బూరుగు కలప కూడా ఈ వర్గంలోనిదే. దేవదారు, పైన్ వంటి వృక్షాలది మెత్తకలప. ఈ రెండింటికీ ముఖ్యమైన భేదం దారునాళాలు. నీటిని మోసే ఈ గొట్టాలు గట్టికలపలో ఉంటాయి, మెత్తకలపలో ఉండవు. అడ్డుకోతలో నాళాలు రంధ్రాలుగా కనిపిస్తాయి.

నాళాలతో పాటు మరి మూడు అంశాలు పరిశీలనకు వస్తాయి: బలాన్నిచ్చే దారునారలు, ఆహారాన్ని నిల్వచేసే మృదుకణజాలం, కేంద్రం నుంచి బెరడు వైపు సాగే దారుకిరణాలు. వీటి పరిమాణం, అమరిక, పరస్పర సంబంధం ఒక్కొక్క ప్రజాతిలో ఒక్కొక్క తీరున ఉంటాయి. రంగు కాలక్రమంలో మారుతుంది, వాసన పోతుంది, పైపూత ఉపరితలాన్ని కప్పివేస్తుంది. కణాల అమరిక మాత్రం కలప శిథిలం కానంతవరకు నిలిచి ఉంటుంది. బొగ్గుగా మారిన ముక్కలో కూడా చాలా సందర్భాలలో దానిని గుర్తించవచ్చు.

మూడు కోతలు

కణనిర్మాణం మూడు దిశలలోనూ ఒకేలా ఉండదు. అందుచేత నమూనా నుంచి మూడు కోతలు తీయాలి. అడ్డుకోత నాళాల పంపిణీని, మృదుకణజాలపు అమరికను చూపుతుంది. కిరణాల వెంట తీసిన నిలువుకోత వాటిలోని కణాల ఆకారాన్ని తెలుపుతుంది. వృద్ధి వలయాలకు స్పర్శరేఖగా తీసిన నిలువుకోత కిరణాల వెడల్పును, ఎత్తును చూపుతుంది. గట్టి నమూనాను నీటిలో మరిగించి మెత్తబరచి, మైక్రోటోమ్‌తో సుమారు 15–20 మైక్రోమీటర్ల మందంగల పొరలను తీసి, సఫ్రనిన్ వంటి రంజకంతో రంగు వేసి పరిశీలిస్తారు. గమనించిన లక్షణాలను అందరూ ఒకే పరిభాషలో నమోదు చేయడానికి అంతర్జాతీయ దారునిర్మాణ శాస్త్రవేత్తల సంఘం 1989లో 163 లక్షణాల జాబితాను ప్రకటించింది.

నాలుగు దారువులు, నాలుగు ముద్రలు

శ్రీగంధంలో నాళాలు చిన్నవి. అవి జతకట్టక ఒంటరిగా, కలపంతటా చెదురుగా ఉంటాయి. చెర్రీ ప్రజాతిలో నాళాలు కొన్ని ఒంటరిగా ఉన్నా, అనేకం వరుసలుగా, గుంపులుగా చేరి ఉంటాయి. వాటి లోపలి గోడలపై సన్నని సర్పిలాకార దళసరులు కనిపిస్తాయి. శ్రీగంధపు నాళాలలో ఈ దళసరులు లేవు. కనుక సెయిర్యోజి మూర్తి వంటి సందర్భంలో ఈ రెండింటిలో ఏదన్న ప్రశ్న వస్తే, సూక్ష్మదర్శిని కింద సందేహానికి తావుండదు.

శేషాచల అరణ్యాలలో పెరిగే ఎర్రచందనం పేరులో చందనమున్నా, శ్రీగంధపు కుటుంబానికి చెందదు. అది చిక్కుడు కుటుంబపు వృక్షం. దాని కిరణాలు సాధారణంగా ఒకే కణపు వెడల్పుతో, అంతస్తులుగా పేర్చినట్లుంటాయి. మృదుకణజాలం నాళాలకు ఇరువైపులా రెక్కలవలె విస్తరించి, అనేకచోట్ల పట్టీలుగా కలిసిపోతుంది. జపమాలలలోను, ప్రతిమలలోను ‘చందనం’ అనే ఒకే మాట కింద కలిసిపోయే ఈ రెండింటినీ వేరుచేయడానికి ఈ లక్షణాలు చాలు.

భారతీయ బౌద్ధ వాస్తువులో టేకు, సాల ప్రధానమైనవి. కార్లే మహాచైత్యపు కప్పు కింద నేటికీ నిలిచి ఉన్న దారుకమానులు టేకువి. పాటలీపుత్ర ప్రాంతంలోని కుమ్రహార్‌లో బయల్పడిన మౌర్యకాలపు దారువేదికలు సాలవి. టేకులో ప్రతి వృద్ధి వలయపు ఆరంభంలో పెద్ద నాళాలు వరుసగా ఏర్పడతాయి. సాలలో నాళాలు చెదురుగా ఉండి, తెల్లని గుగ్గిలంతో నిండిన సన్నని కాలువలు పొడవైన వరుసలుగా కనిపిస్తాయి. టేకులో ఈ కాలువలు లేవు.

సాక్ష్యానికి హద్దు

కణనిర్మాణం చాలా సందర్భాలలో ప్రజాతి వరకు మాత్రమే నిశ్చయంగా చెబుతుంది. ఒకే ప్రజాతిలోని జాతులు తరచు విడివడవు. సెయిర్యోజి మూర్తి విషయంలో ‘చెర్రీ’ అనేది కణాలు చెప్పగల మాట. ‘చైనాకు చెందిన’ అనడానికి ఆ విగ్రహం తైజౌలో తయారైందన్న చరిత్ర కూడా తోడు కావాలి. ఈ రెండు ఆధారాలనూ విడివిడిగా పేర్కొనడం పరిశోధనా ధర్మం. గుర్తించిన కలపను ప్రామాణిక నమూనాలతో సరిపోల్చడం కూడా అంతే అవసరం. 1906లో స్థాపితమైన డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలోని దారు సంగ్రహాలయం ఇందుకు ముఖ్యమైన ఆధారం.

నమూనా తీయడమంటే ఎంత స్వల్పమైనా వస్తువుకు హాని చేయడమే. పూజామూర్తుల విషయంలో అది భిక్షుసంఘపు మనోభావాలకు సంబంధించిన విషయం కూడా. అందువల్ల ముందుగా సంఘపు అనుమతి పొందాలి. అప్పటికే ఊడిన పేళ్లు, పీఠం అడుగు, లోపలి బోలు భాగాలు, పురుగు తొలిచిన చోట్లు ఉన్నాయేమో చూడాలి. తీసిన చోటును చిత్రంతో సహా నమోదు చేసి, మిగిలిన ముక్కను భద్రపరచాలి. విగ్రహంలో పలు ముక్కలు జోడించి ఉండవచ్చు; మరమ్మతులలో కొత్త కలప చేరి ఉండవచ్చు. ఒక ముక్క చెప్పిన జాతిని మొత్తం మూర్తికి ఆపాదించరాదు. చిన్న పేళ్లను కోయకుండానే లోపలి నిర్మాణాన్ని చూపే ఎక్స్‌కిరణ సూక్ష్మ టోమోగ్రఫీ కూడా ఇప్పుడు అందుబాటులో ఉంది.

చందన వృక్షం మహావృక్షం కాదు. నిలువెత్తు మూర్తికి చాలిన చందనపు దుంగ దొరకడం అరుదు. ఆ ప్రతిరూపం చెర్రీలో రూపొందినా, ఉదయన ప్రతిమా పరంపరలో దానికున్న స్థానం తగ్గలేదు. జపాన్‌లో దానిని అనుసరించి అనేక విగ్రహాలు వెలశాయి. కాబట్టి వస్తు వివరణ పత్రంలో రెండు గడులు ఉండటం యుక్తం: ఒకదానిలో సంప్రదాయం పలికే దారునామం, రెండవదానిలో పరీక్షలో తేలిన ప్రజాతి, నమూనా తీసిన స్థానంతో సహా. మొదటి గడి భక్తుల స్మృతిని నిలుపుతుంది. రెండవది మరమ్మతుకు తగిన కలపను ఎంచుకొనే సంరక్షకునికి, దారువు ఏ అరణ్యం నుంచి వచ్చిందని వెదకే చరిత్రకారునికి ఆధారమవుతుంది. ఒకదాని కోసం మరొకదానిని చెరిపివేయవలసిన అవసరం లేదు.