పాత విల్లీస్ జీప్ గేర్‌బాక్స్: ఫస్ట్ గేర్ ఎందుకు కర్ర్‌మంటుంది?

ఫోన్ల రివ్యూలకు ఈసారి చిన్న గ్యాప్. ఈ ఆర్టికల్‌లో ఒక పాత అమెరికన్ గేర్‌బాక్స్ ఎలా పనిచేస్తుందో చూద్దాం.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు మా పెద్దబాపు పాత పెట్రోల్ జీప్ నడిపిన. ఆసిఫాబాద్ నుంచి ఉట్నూర్ పోయే దారిలో కెరమెరి ఘాట్ ఎక్కుతుంటే ఎదురుగా లారీ వచ్చింది, ఆపిన. మళ్లీ కదిలేటప్పుడు కంగారులో మామూలు మాన్యువల్ కార్ల అలవాటు కొద్దీ లివర్‌ను ఎడమకు, పైకి నెట్టిన. జీప్ వెనక్కి పోయింది! వెనుక లోయ. పెద్దబాపు హ్యాండ్ బ్రేక్ గుంజిండు కాబట్టి సరిపోయింది.

రివర్స్ అక్కడెందుకుంది?

మహీంద్రా 1940ల చివర్లో విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. తర్వాత దశాబ్దాల పాటు సీజే-3బీ మోడల్‌ను ఇక్కడే తయారుచేసింది. పాత బండ్లలో టీ-90 అనే మూడు గేర్ల బాక్స్ ఉంటుంది. ఇందులో ఎడమ పైన రివర్స్, ఎడమ కింద ఫస్ట్, కుడి పైన సెకండ్, కుడి కింద థర్డ్. ఎక్కువగా వాడే సెకండ్, థర్డ్ ఒకే గీతలో ఉంటాయి. ఆ కాలపు చాలా అమెరికన్ కార్లలో గేర్ లివర్ స్టీరింగ్ పక్కన ఉన్నా వరుస మాత్రం ఇదే.

కర్ర్‌మనే సౌండ్ ఎక్కడిది?

కదులుతున్న బస్ ఎట్ల ఎక్కుతం? పక్కనే ఉరికి, మన స్పీడ్ బస్ స్పీడ్‌కు సమానం అయ్యాక రాడ్ పట్టుకుంటం. గేర్లు కూడా అంతే. రెండు వేర్వేరు స్పీడ్‌లలో తిరిగే పళ్లు కలవాలంటే ముందు స్పీడ్ కలవాలి. సింక్రోమెష్‌లోని ఇత్తడి రింగు రాపిడితో ఆ పని చేస్తుంది. టీ-90లో ఇది సెకండ్, థర్డ్‌లకే ఉంది. ఫస్ట్‌కు లేదు, అక్కడ గేరే నేరుగా జరిగి ఇంకో గేర్‌తో కలుస్తుంది. అమెరికాలో కూడా 1960ల దాకా చాలా మూడు గేర్ల కార్లు ఇట్లనే ఉండేవి.

అందుకే పెద్దబాపు "బండి మొత్తం ఆగినంకనే ఫస్ట్ ఎయ్యి బిడ్డా" అన్నడు.

బండి కదులుతున్నప్పుడు ఫస్ట్ వేయాలంటే డబుల్ క్లచ్ కొట్టాలి: క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయాలి, క్లచ్ వదిలి కొంచెం యాక్సిలరేటర్ ఇవ్వాలి, మళ్లీ క్లచ్ తొక్కి ఫస్ట్ వేయాలి. మధ్యలో ఇచ్చే ఆ యాక్సిలరేటర్‌తో మనమే స్పీడ్ కలుపుతున్నాం. అంటే రింగు చేసే పని కాలు చేస్తుంది.

మిగతా రెండు చిన్న లివర్లు

ఒకటి ముందు చక్రాలకు పవర్ ఇస్తుంది, రెండోది లో రేంజ్‌కు. లెక్క చూద్దాం. ఫస్ట్ గేర్ నిష్పత్తి 2.80, యాక్సిల్‌ది 5.38. రెండూ గుణిస్తే సుమారు 15. అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజిన్ 15 సార్లు తిరగాలి. లో రేంజ్ వేస్తే ఇంకో 2.46తో గుణించాలి, దాదాపు 37 అవుతుంది. బురదలో, రాళ్లలో చిన్న ఇంజిన్ అయినా బండిని లాగేది ఇందుకే.

ఘాట్ దిగేటప్పుడు

ఇదే లెక్క దిగేటప్పుడు ప్రాణం కాపాడుతుంది. చిన్న గేర్‌లో ఉంటే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేక్ మీదే కాలు పెట్టి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. అయితే సగం దిగాక ఫస్ట్ వేద్దామంటే పడకపోవచ్చు, అప్పుడు బండి న్యూట్రల్‌లో జారుతుంది. కాబట్టి దిగుడు మొదలయ్యే ముందే ఆపి గేర్ వేసుకోవాలి.

నా ఆటోమేటిక్ కారు ఇవన్నీ నాకు చెప్పకుండానే చేసేస్తుంది. మీ ఇంట్లో కూడా పాత జీప్ ఉంటే, స్టార్ట్ చేసే ముందు ఇంజిన్ ఆపి ఉంచి నాలుగు పొజిషన్లూ చేతికి అలవాటు చేసుకోండి. నేను ఆ పని ఘాట్ ఎక్కకముందే చేయాల్సింది.