ఎముకలోని లోహమునకు కళాయి

ఇత్తడి గిన్నెకు కళాయి యేల వేయింతుమో మీకు నేను చెప్పనక్కరలేదు. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాచినచో కిలుమెక్కును. గిన్నె గట్టిదే, చిక్కంతయు పైపొరలోనిదే. మనుష్యుని దేహములో నమర్చు లోహమునకును ఇట్టి చిక్కే కలదు.

జారిపడి తుంటి విరిగిన వృద్ధులకు లోహపు కీలు వేయుటయు, ఊడిన పంటి చోట దవుడ యెముకలో లోహపు మర బిగించుటయు నేడు మీ రెరిగినవే. ఇందుకు టైటానియము విరివిగా వాడుదురు. ఎముక యీ లోహమును విడదీయరానట్లు పట్టుకొనుటను స్వీడను దేశపు బ్రానెమార్కు అను వైద్యుడు కనుగొని, 1965లో మొదటి రోగికి పంటి మరల నమర్చెను.

అయినను లోహము లోపల చేరిన క్షణమునుండి దాని పైతలముకొరకు పందెము మొదలగును. ఎముక కణములు ముందు చేరినచో మేలు. సూక్ష్మజీవులు ముందు చేరినచో, కోనేటి మెట్లపై పాచివలె జిగటపొర కట్టుకొని కూర్చుండును. ఆ పొరలోనికి మందులు చాలినంతగా చొరవు. తుదకు లోహమును తీసివేయవలసి వచ్చుటయు కలదు. డెబ్బది యేండ్లవానికి రెండవ శస్త్రచికిత్స యెంత కష్టమో ఆలోచింపుడు.

కావున శాస్త్రజ్ఞులు పూతను బాగుచేయ యత్నించుచున్నారు. ఎముకకు గట్టిదన మిచ్చునది సున్నము, భాస్వరము చేరిన యొక లవణము. దాని పూత తుంటి కీళ్లకు 1980వ దశాబ్దినుండి వాడుకలో నున్నది. దానినే నానోరేణువులుగా పూసినచో ఎముక కణములు మరింత బాగుగ పట్టుకొనునని పరిశోధకుల యాశ. తలవెండ్రుక మందము రమారమి 80,000 నానోమీటర్లు. ఈ రేణువు 100కు మించదు.

సూక్ష్మజీవుల నణచుటకు వెండిరేణువులను చేర్చుదురు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము చూడబోయినవారు ప్రక్కనే తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థను చూచియుందురు. 1944లో హైదరాబాదు సంస్థానము నెలకొల్పిన ప్రయోగశాలయే 1989లో ఈ పేరు దాల్చినది. అచ్చటివారు ఒక మొక్క ఆకురసముతో వెండిరేణువులు చేసి, అవి సూక్ష్మజీవులను చంపునని 2014లో ప్రకటించిరి. అది యింకను లోహముపై పూత కాదు. పూతకు పనికివచ్చు సరకు మాత్రమే. రేణువునుండి రోగికి చాల దూరము కలదు.

ఏలనన, వెండి మితిమీరినచో ఎముక కణములును చచ్చును. మర బిగించునపుడు పూత పెచ్చులూడరాదు. ఊడిన రేణువులు దేహములో నెచ్చటికి పోవునో తెలిసికొనవలెను. నానో అను పేరు వినగానే అధికమైన వెల యిచ్చుట తొందరపాటని నా యభిప్రాయము. ఈ పూత యెన్నేండ్లనుండి రోగులలో పరీక్షింపబడినదని వైద్యునే అడుగుడు. చుట్ట త్రాగు అలవాటు, మధుమేహము, చిగుళ్ల వ్యాధి ఉన్నచో దాచక ముందే చెప్పుడు. ఎంత మంచి పూతయున్నను ఇవి యెముక పట్టును చెరుపగలవు.