అంకెలు లేని లెక్కలంటే భయమెందుకు?

ఇంటర్ దాకా లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి డిగ్రీ రెండో ఏడాదికి వచ్చేసరికి హఠాత్తుగా డీలా పడిపోతుంది. కారణం ఆరా తీస్తే తరచుగా వినిపించే పేరు ఆబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా. అంటే అమూర్త బీజగణితం. సమూహాలు, వలయాలు అనే పాఠాలు ఇందులోవే.

మా రామాపురం నుంచి రేపల్లె, తెనాలి, బాపట్ల కాలేజీలకు వెళ్ళే ఆడపిల్లలకు ఇది ఒక్క పేపరు తప్పడంతో పోదు. "చదువు ఎక్కడం లేదుగా" అంటూ పెళ్ళి మాట ఎత్తే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మా పక్కింటి అమ్మాయి ఆ భయంతోనే పుస్తకం పట్టుకొచ్చింది. "పిన్నీ, దీంట్లో చెయ్యడానికి లెక్కలే లేవు, అన్నీ మాటలే! మొత్తం బట్టీ పట్టేస్తే పోలా?" అంది. లెక్కలతోనే డిగ్రీ చదివినదాన్ని కాబట్టి వంటింట్లోనే కూర్చోబెట్టి మొదలుపెట్టాను.

గడియారంలో సమూహం

ఉదయం 9 గంటలకు బయల్దేరి 5 గంటలు ప్రయాణం చేస్తే ఎన్నింటికి చేరతాం? రెండింటికి అంటాం. గడియారంలో ఏ రెండు అంకెలు కూడినా మళ్ళీ ఆ పన్నెండు అంకెల్లోకే వస్తాం. 12 కలిపితే ఏమీ మారదు. అదే తత్సమ మూలకం. 9కి 3 కలిపితే 12 వస్తుంది, కాబట్టి 9కి విలోమం 3. మూడు అంకెలు కూడేటప్పుడు ముందు ఏ జంటను కూడినా జవాబు మారదు. ఈ నాలుగు నియమాలకూ లోబడిందే సమూహం. అంకెలే ఉండాలని లేదు. నలుచదరపు ముగ్గును పావు చుట్టు చొప్పున తిప్పే నాలుగు తిప్పుళ్ళూ ఒక సమూహమే!

ఆవకాయ జాడీకి మూత పెట్టి వాసెన కడతాం. తీసేటప్పుడు ముందు వాసెన విప్పాలి, తర్వాతే మూత. రెండు మూలకాల లబ్ధానికి విలోమం కావాలంటే వాటి విలోమాలను తిరగేసిన వరుసలో తీసుకోవాలనే సిద్ధాంతం వెనకున్న సంగతి ఇదే. అది వినగానే ఆ పిల్ల "ఇంతేనా!" అని నవ్వేసింది.

బట్టీ వద్దు

సమూహంలో తత్సమ మూలకం ఒక్కటే ఉంటుందని నిరూపించాలి. క, చ అని రెండున్నాయి అనుకుందాం. రెంటినీ కలపండి. 'క' తత్సమం కాబట్టి జవాబు 'చ'. 'చ' తత్సమం కాబట్టి అదే జవాబు 'క'. అంటే రెండూ ఒకటే. ఇందులో బట్టీ పట్టడానికేముంది?

ప్రతి నిర్వచనాన్నీ సొంత మాటల్లో రాసుకోండి. దానికి సరిపోయే ఉదాహరణ ఒకటి, సరిపోనిది ఒకటి వెతకండి. 1, 2, 3... సంఖ్యలు కూడికతో సమూహం కావు, ఎందుకంటే వాటిలో సున్నా లేదు. తర్వాత పుస్తకం మూసి ఋజువు రాయండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే నేర్చుకోవాల్సింది ఉంటుంది.

ఆడవాళ్ళు వేసిన బాట

ఈ శాస్త్రాన్ని తీర్చిదిద్దిన వాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన పేరు జర్మనీకి చెందిన ఎమ్మీ నోథర్ (1882–1935). డాక్టరేట్ ఉన్నా ఏళ్ళ తరబడి జీతం లేకుండా పనిచేసింది. ఆడదన్న కారణంగా గాటింగెన్ విశ్వవిద్యాలయంలో కొన్నేళ్ళపాటు హిల్బర్ట్ పేరు మీద పాఠాలు చెప్పాల్సి వచ్చింది. వలయాల మీద 1921లో ఆమె రాసిన వ్యాసం ఈ సబ్జెక్టు తీరునే మార్చింది. మన దేశానికి చెందిన బీజగణితవేత్త రామన్ పరిమళ 1987లో భట్నాగర్ బహుమతి అందుకుంది. 2010లో హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచ గణిత మహాసభలో ప్రధాన ప్రసంగాల్లో ఒకటి ఆమెదే.

"ఇది ఎందుకు పనికొస్తుంది?" అంటారా? 1977లో వచ్చిన ఆర్ఎస్ఏ అనే రహస్య లిపి పద్ధతికి ఆధారం గడియారం లెక్కలాంటి శేషాల గణితమే. బ్యాంకు సమాచారాన్ని ఇంటర్నెట్‌లో పరాయివాళ్ళ కంటపడకుండా కాపాడటంలో దాని పాత్ర చాలా ఉంది.

అమ్మలకు ఒక మాట. ఈ పేపరు ఒకసారి తప్పినంత మాత్రాన పిల్లకు చదువు రానట్టు కాదు. ఇన్నాళ్ళూ జవాబు రాబట్టడం నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు ఎందుకో చెప్పడం నేర్చుకుంటోంది. దానికి కాస్త వ్యవధి పడుతుంది. పరీక్ష మళ్ళీ రాయొచ్చు. పుస్తకాలు మాత్రం అటక ఎక్కించకండి.